తుపాకీ గొట్టం మీద ఉన్నది గీతా, పగులా?

అన్నా, మీ తాతగారి లైసెన్సు డబుల్ బ్యారెల్ తుపాకీకి తూటా పెట్టే చోట సన్న గీత కనబడుతోంది, అనంతపురంలో లేత్ షాపులో వెల్డింగ్ చేయించనా అని అడిగారు. వద్దే వద్దు. ఆ వేడికి గొట్టం ఉక్కు బలం దెబ్బతింటుంది.

గీతో పగులో కంటితో తేలదు. ఉక్కును అయస్కాంతంలా మార్చి సన్నని ఇనుప పొడి చల్లుతారు. పగులుంటే పొడి అక్కడే పేరుకుంటుంది. గట్టిదనం పరీక్ష వేరు, దాంతో పగులు బయటపడదు.

ప్రూఫ్ ముద్ర ఉంది కదా అన్నారు. మామూలు కంటే ఎక్కువ పీడనమిచ్చే తూటా పేల్చి, తట్టుకుంటేనే ఆ ముద్ర వేస్తారు, నిజమే. కానీ అది ఆనాటి మాట, తర్వాత పట్టిన తుప్పుకు హామీ కాదు. లైసెన్సున్న ఆయుధాల రిపేరు షాపులో చూపించండి. అంతవరకు పేల్చకండి, అడవి పందులను తరమడానికి టపాకాయల చప్పుడు చాలు.