నెట్ సెంటర్‌లో తెరుచుకుంటుందా?

చిన్నమ్మడూ,

కాలేజీ అడ్మిషన్ల వెబ్‌సైట్ పని నీ చేతికొచ్చిందని మీ నాన్న చెప్పాడు. నువ్వు పంపిన లింకు చూశాను. నీ ల్యాప్‌టాప్‌లో చిటికెలో తెరుచుకుంటోందన్నావు. నిజమే, నా దాంట్లోనూ అంతే. కానీ ఆ ఫామ్ నింపేది మనం కాదుగా. ఇంటర్ పాసైన పిల్ల వాళ్ల నాన్న ఫోన్‌లో, సిగ్నల్ వస్తూ పోతూ ఉన్న చోట కూర్చుని నింపుతుంది. లేదంటే మండల కేంద్రంలో నెట్ సెంటర్ అతను, విండోస్ 7తో నడిచే పాత కంప్యూటర్‌లో, వెనక జనం క్యూ కట్టి ఉండగా నింపిపెడతాడు.

ముందు ఆ నెట్ సెంటర్ సంగతే చూడు. విండోస్ 7 మీద నడిచే చివరి క్రోమ్ 109వ వెర్షన్, 2023 జనవరిలో వచ్చింది. ఆ తర్వాతిది అక్కడ ఎక్కదు. నువ్వేమో కోర్సుల జాబితా వరసలో పెట్టడానికి టూసార్టెడ్ వాడావు, అంటే జావాస్క్రిప్ట్‌లో (బ్రౌజర్‌లో నడిచే కోడ్ భాష) అసలు జాబితాని ముట్టుకోకుండా వరస పెట్టిన కాపీ ఇచ్చే ఫంక్షన్. అది క్రోమ్‌లోకి వచ్చింది 110లో. ఒక్క నంబరు తేడాతో తప్పిపోయింది! పైగా నువ్వు కట్టింది రియాక్ట్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీతో. పేజీ గీసే మధ్యలో ఎర్రర్ వస్తే, దాన్ని పట్టుకునే ఏర్పాటు నువ్వు చెయ్యకపోతే, రియాక్ట్ మొత్తం పేజీనే తీసేస్తుంది. నెట్ సెంటర్ అతనికి కనిపించేది ఉత్త తెల్ల తెర. సర్వర్ డౌన్ అయిందనుకుని, రేపు రమ్మని పంపించేస్తాడు. తమాషా ఏంటంటే, అదే కంప్యూటర్‌లో ఫైర్‌ఫాక్స్ 115 ఉంటే నీ పేజీ తెరుచుకుంటుంది, దాంట్లో టూసార్టెడ్ ఉంది. ఇక నువ్వు పేజీ అడుగున పెట్టిన 'క్రోమ్‌లోనే తెరవండి' అన్న సలహా ఎంత పనికొస్తుందో ఆలోచించు.

బాబెల్ పెట్టాను కదా అంటావు. బాబెల్ కొత్త రకం జావాస్క్రిప్ట్ రాతని పాత రకంలోకి మారుస్తుంది, అంతే. బ్రౌజర్‌లో లేని ఫంక్షన్‌ని దానంతటది తెచ్చిపెట్టదు. దానికి పాలీఫిల్, అంటే ఆ లోటు పూడ్చే చిన్న కోడ్, విడిగా కలపాలి. ఈ ఒక్క జాబితాకి అదీ అక్కర్లేదు, కాపీ తీసి పాత సార్ట్ నడిపితే చాలు. ఒకవేళ పాలీఫిల్ కావాల్సొస్తే మాత్రం ఎక్కడో పరాయి డొమైన్ నుంచి లాక్కోకు. అలాంటి పాలీఫిల్లు అందించే పాలీఫిల్ డాట్ ఐఓ డొమైన్ చేతులు మారాక, 2024 జూన్‌లో దాని మీద ఆధారపడ్డ సైట్లలోకి దొంగ కోడ్ వచ్చి పడింది. ఆ సైట్ల వాళ్లు తమ కోడ్‌లో ఒక్క అక్షరం మార్చలేదు. ఫైలు మన సర్వర్‌లోనే ఉంచుకుంటే ఆ టెన్షన్ ఉండదు.

అసలు కిటుకు ఇక్కడుంది. హెచ్‌టీఎంఎల్‌లో (పేజీ కట్టే భాష) తెలియని ట్యాగ్ కనిపిస్తే బ్రౌజర్ దాన్ని పట్టించుకోకుండా ముందుకెళ్తుంది. సీఎస్‌ఎస్‌లో (రంగులు, అమరిక చెప్పేది) అర్థంకాని వరస ఉంటే ఆ వరస వదిలేస్తుంది. జావాస్క్రిప్ట్‌కి ఆ ఓపిక లేదు. ఒక్క గుర్తు అర్థం కాకపోతే ఆ ఫైలు మొత్తం నడవదు. అందుకే ఓపికున్న వాటి మీద బరువు పెట్టు. నీ 'సమర్పించు' బటన్ చూశాను, అది బటన్ కాదు, రంగు వేసిన డివ్, అంటే ఉత్త పెట్టె. స్క్రిప్ట్ రాకపోతే దాన్ని ఎంత నొక్కినా ఉలకదు పలకదు. నిజమైన ఫామ్, నిజమైన బటన్ పెట్టి, నేరుగా సర్వర్‌కి వెళ్లేలా కట్టు. స్క్రిప్ట్ వస్తే మార్కుల మొత్తం అప్పటికప్పుడు కూడి చూపించు. రాకపోతే ఆ కూడికేదో సర్వర్ చేసుకుంటుంది. క్రోమ్‌లో జావాస్క్రిప్ట్ ఆపేసి ఒక అప్లికేషన్ మొదటి నుంచి చివరిదాకా నింపి చూడు. రసీదు నంబరు చేతికి రావాలి.

పేజీ బరువు గురించి పెద్దగా చెప్పక్కర్లేదు, నీకు తెలిసిందే. ఒక్కటి మాత్రం జనం మర్చిపోతారు: అంతే సైజున్న ఫోటో, స్క్రిప్ట్ ఒకటి కాదు. ఫోటో దిగిపోతే దాని పని దాదాపు అయిపోయినట్టే. స్క్రిప్ట్ దిగాక దాన్ని చదవాలి, కంపైల్ చెయ్యాలి, నడపాలి, అదంతా అయ్యేలోపు చవక ఫోన్ వేలికి స్పందించదు. మీ ప్రిన్సిపాల్ గారికి ఫోటోల స్లైడర్ ఇష్టమని తెలుసు. ఆయన కోసం ఒక మంచి ఫోటో కదలకుండా పెట్టు. చాట్ బొమ్మ తీసెయ్, అక్కడ జవాబిచ్చే మనిషి ఎలాగూ లేడు. మిగిలిన స్క్రిప్టులకి డిఫర్ (పేజీ చదవడం అయ్యాకే నడవమనే గుర్తు) పెట్టు, లేకపోతే హెడ్‌లో ఉన్న ఒక్కో ఫైలు కోసం పేజీ అక్కడే ఆగిపోతుంది. డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్‌ని 3జీకి తగ్గించి, సీపీయూని ఆరు రెట్లు నెమ్మది చేసి చూడు. గూగుల్ కొలతల ప్రకారం ముఖ్యమైన భాగం రెండున్నర సెకన్లలో కనపడాలి, నొక్కితే 200 మిల్లీసెకన్లలో తెర కదలాలి. ఆ అంకెల కంటే నాకు ఒక పాత ఆండ్రాయిడ్ ఫోన్ మీదే నమ్మకం. మీ ఇంట్లో డ్రాయర్‌లో మూలుగుతోంది చూడు, దాన్ని ఛార్జ్ చెయ్యి.

ఇక పుట్టిన తేదీ. దీని దగ్గర కాస్త ఆగు. పిల్లలు 05-06-2007 అని కొడతారు, జూన్ 5 అని వాళ్ల ఉద్దేశం. నువ్వు దాన్ని అలాగే జావాస్క్రిప్ట్‌లో తేదీ తయారుచేసే న్యూ డేట్‌కి ఇచ్చేశావు. క్రోమ్ అమెరికా పద్ధతిలో నెల ముందు అనుకుని, మే 6గా తీసుకుంటుంది. చప్పుడు చెయ్యదు. 15-06-2007 ఇస్తేనే చెల్లని తేదీ అంటుంది. అంటే నెలలో 13 నుంచి 31 దాకా పుట్టినవాళ్లకి ఎర్రర్ కనిపిస్తుంది, మొదటి పన్నెండు రోజుల్లో పుట్టినవాళ్లకి చాలామందికి తేదీ తారుమారై రికార్డులో కూర్చుంటుంది. అది బయటపడేది సర్టిఫికెట్ల వెరిఫికేషన్ రోజున. పాత సఫారీ (ఐఫోన్‌తో వచ్చే బ్రౌజర్) అయితే ఇలాంటి తేదీలు అసలు తీసుకోదు. మన దగ్గర ఐఫోన్‌లో క్రోమ్ వాడినా లోపల నడిచేది సఫారీ ఇంజినే, కాబట్టి అక్కడ బ్రౌజర్ మార్చమని చెప్పినా లాభం లేదు.

తేదీకి టైప్ డేట్ ఉన్న పెట్టె పెట్టు. తెర మీద ఎలా చూపించినా సర్వర్‌కి 2007-06-05 అనే పంపుతుంది. దాన్ని అక్షరాలుగానే దాచుకో, మళ్లీ డేట్‌గా మార్చకు. మారిస్తే దాన్ని గ్రీన్‌విచ్ అర్ధరాత్రిగా లెక్కేస్తుంది. మన టైమ్ దానికన్నా ఐదున్నర గంటలు ముందుంటుంది కాబట్టి తేడా తెలియదు. డాలస్‌లో ఉన్న అన్నయ్య చెల్లి ఫామ్ తెరిస్తే మాత్రం జూన్ 4 కనిపిస్తుంది.

తెలుగు ఫాంట్ ఒకటి డౌన్‌లోడ్ చేయిస్తున్నావు కదా, దాన్ని శీర్షికల వరకే ఉంచు. ఒత్తులు, గుణింతాల వల్ల మన ఫాంట్లు ఇంగ్లీషు వాటికన్నా బరువు, మామూలు రాతకి ఫోన్లో ఉన్న తెలుగు ఫాంట్ చాలు. మా రోజుల్లో కొన్ని తెలుగు పత్రికలు సొంత ఫాంట్లతో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లోనే చదవగలిగేలా ఉండేవి. ఫైర్‌ఫాక్స్‌లో చదవాలంటే పద్మ అనే ఎక్స్‌టెన్షన్ వేసుకుని యూనికోడ్‌లోకి మార్చుకునేవాళ్లం. ఆ ఎక్స్‌ప్లోరర్‌కి మైక్రోసాఫ్ట్ 2022 జూన్‌లో సెలవు చెప్పేసింది. ఆ ఒక్క బ్రౌజర్‌ని నమ్ముకుని కట్టిన సైట్లు చాలావాటిని మార్చుకోవాల్సొచ్చింది.

నోటిఫికేషన్ వచ్చేలోపు అన్నీ మార్చే టైమ్ లేదంటే ముందు తేదీ సరిచెయ్, తర్వాత ఆ బటన్. స్లైడర్ విషయం ప్రిన్సిపాల్ గారితో నేను మాట్లాడతాలే.

పెదనాన్న