బన్నీ బరువు గురించి

చిన్నీకి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. బన్నీ బొద్దుగా, ముద్దుగానే ఉంది. కానీ నాకు మా చింటూ గుర్తొచ్చి మనసు కలుక్కుమంది. అదీ మీ బన్నీలాగే పమేరియన్ జాతి కుక్కే. నాలుగు కిలోలు ఉండాల్సిన ప్రాణి ఏడు కిలోలకు చేరేదాకా నేను పట్టించుకోలేదు. నడుస్తూ నడుస్తూ వెనక కాలు ఎత్తి కుంటుతుంటే ముల్లు గుచ్చుకుందేమో అనుకున్నాను. డాక్టరుగారు చూసి, మోకాలి చిప్ప పక్కకు జారుతోందని, ఆ కాళ్లు అంత బరువు మోయలేవని చెప్పారు. బిస్కెట్లన్నీ పెట్టింది నా చేతులే. ఆ బాధ నీకు రాకూడదనే ఇదంతా రాస్తున్నాను.

పమేరియన్‌కి బొచ్చు ఎక్కువ కాబట్టి కంటితో చూస్తే ఏమీ తెలియదు. స్నానం చేయించేటప్పుడు ఒళ్లంతా తడిశాక పైనుంచి చూడు. పక్కటెముకలు దాటాక నడుము కాస్త లోపలికి పోవాలి. పీపాలా తిన్నగా ఉంటే బరువు ఎక్కువైనట్టే. తర్వాత పక్కటెముకల మీద వేళ్లు మెల్లగా పోనివ్వు. నీ చెయ్యి బల్ల మీద బోర్లా పెట్టి, పైన తడిమితే సన్నటి ఎముకలు ఎలా తెలుస్తాయో, అలా తెలియాలి. గట్టిగా నొక్కితే తప్ప తగలకపోతే కొవ్వు పట్టిందన్నమాట.

నాలుగైదు కిలోలు ఉండాల్సిన కుక్కకు, అదీ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయి ఫ్లాట్‌లోనే తిరిగేదానికి, రోజుకు 300 కేలరీలు అటూ ఇటూగా సరిపోతాయి. ఒక్క మారీ బిస్కెట్‌లోనే 20కి పైగా ఉంటాయి. మామయ్యగారు టీ తాగుతూ పెట్టే నాలుగు బిస్కెట్లతోనే దాని రోజు తిండిలో పావు వంతు దాటిపోతోంది. పైగా పిల్లల పెరుగన్నం, రాత్రి చికెన్ ముక్కలు ఎటూ ఉన్నాయి.

మామయ్యగారికి వద్దని చెప్పడం నీకు ఇబ్బందే, నాకు తెలుసు. చెప్పొద్దు కూడా. ఆ కాసేపు బన్నీతో గడపడం ఆయనకెంత ఇష్టమో నేను చూశాను. నువ్వు పొద్దున్నే రోజు మొత్తానికి సరిపడా డాగ్ ఫుడ్ వంటింటి త్రాసులో గ్రాముల్లో తూచు. కప్పుతో వద్దు, ఒకరోజు తలగొట్టి పోస్తాం, ఒకరోజు గోపురంలా పోస్తాం. తూచినదాంట్లోంచే ఒక గుప్పెడు చిన్న డబ్బాలో వేసి ఆయన కుర్చీ పక్కన పెట్టు. "మామయ్యగారూ, ఇది మీరే పెట్టాలి" అను. ఆ డబ్బా అయిపోతే ఆ రోజుకి అంతే. బన్నీకి కావాల్సింది ఆయన చేతిలోంచి అందడం, అది గింజ అయినా ఒకటే. పిల్లల కోసం కీరా, క్యారెట్ ముక్కలు కోసి ఉంచు. ద్రాక్ష, కిస్మిస్, ఉల్లిపాయ మాత్రం రవ్వంత కూడా పెట్టనివ్వకు, కుక్కలకు అవి విషం.

టెన్షన్ పడి ఒక్కసారిగా తిండి సగానికి కోసేయకు. ముందు డాక్టరుకు చూపించు, థైరాయిడ్ తక్కువైనా ఒళ్లు వస్తుంది. ఆ తర్వాత వారానికి ఒంటి బరువులో ఒక శాతం, మహా అయితే రెండు శాతం తగ్గితే చాలు. ఆరు కిలోల బన్నీకి అది 60 నుంచి 120 గ్రాములు. అంత చిన్న తేడా మన బాత్రూమ్ మెషీన్‌లో తెలియదు, రెండు వారాలకోసారి క్లినిక్‌లో తూయించు.

నడక ఎండెక్కకముందు, మళ్లీ రోడ్డు చల్లబడ్డాక. మెడకు బెల్టు కాకుండా ఛాతీకి వేసే హార్నెస్ కొను. ఈ జాతికి శ్వాసనాళం మెత్తన, లావెక్కితే దగ్గు ఇంకా ఎక్కువవుతుంది.

లాబ్రడార్ల మీద చేసిన అధ్యయనం ఒకటి 2002లో వచ్చింది. కుక్కల్ని జతలుగా పెట్టి చూస్తే, జతలో రెండోదానికంటే పావు వంతు తక్కువ తిన్న కుక్కలు దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయట. చింటూ పోయాక ఈ సంగతి తెలిసి చాలా ఏడ్చాను తల్లీ.

ఈ ఆదివారం స్నానం చేయించినప్పుడు, బొచ్చు ఆరకముందే, పైనుంచి ఒక ఫొటో తీసి పంపు. నడుము ఎంత కనిపిస్తోందో చూసి ఫోన్ చేస్తాను.

మీ పెద్దమ్మ