మెయిన్‌ఫ్రేమ్ లెక్కలు పోస్ట్‌గ్రెస్‌లోకి

ప్రశ్న: రుషికొండ ఐటీ హిల్స్‌లో అమెరికా క్లయింటు మెయిన్‌ఫ్రేమ్ (పెద్ద సంస్థలు వాడే భారీ కంప్యూటర్) చూసుకునే టీమ్‌లో కొత్తగా చేరాను. సీపీయూ వాడకం, జాబుల వివరాలు పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లోకి ఎక్కించమన్నారు. ఎఫ్‌టీపీలో తెచ్చిన ఫైలు తెరిస్తే ఒక్క ముక్క అర్థం కావట్లేదు. టెన్షన్‌గా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?
– మధురవాడ నుంచి ఒక పాఠకుడు

జవాబు: టెన్షన్ పడకండి, అది పాడైన ఫైలు కాకపోవచ్చు. మెయిన్‌ఫ్రేమ్ ఆపరేటింగ్ సిస్టమ్ జెడ్‌ఓఎస్ తన పనినంతా ఎస్‌ఎంఎఫ్ రికార్డులు అనే లెక్కలుగా రాసుకుంటుంది. వాటిలో అక్షరాలు మెయిన్‌ఫ్రేమ్ వాడే ఎబ్సిడిక్ కోడ్‌లో, అంకెలు బైనరీ, ప్యాక్డ్ డెసిమల్ (ఒక బైటులో రెండు అంకెలు ఇరికించే పద్ధతి) రూపాల్లో ఉంటాయి. మామూలు టెక్స్ట్‌లా ఆస్కీలోకి మార్చి తెస్తే అంకెలు చెడిపోతాయి. అందుకే బైనరీగానే తెప్పించుకోండి. ప్రతి రికార్డు ముందుండే 4 బైట్ల ఆర్‌డీడబ్ల్యూ అనే తల భాగం కూడా ఉంచమని అడగండి. రికార్డు పొడవు అందులోనే ఉంటుంది. పైగా లోపలి ఆఫ్‌సెట్లను (ఏ ఫీల్డు ఎక్కడుందో చెప్పే దూరాలను) అక్కడి నుంచే లెక్కిస్తారు. అది లేకపోతే ప్రతి ఫీల్డూ 4 బైట్లు పక్కకు జరుగుతుంది.

ఎస్‌ఎంఎఫ్ రికార్డులకు రకాల నంబర్లుంటాయి; మొదట 30, 70, 72 రకాలు చాలు. 30 అంటే జాబులు, 70 అంటే సీపీయూ, 72 అంటే వర్క్‌లోడ్. అన్నీ ఎక్కించాలన్న ఆశ వద్దు.

చాలామంది తప్పు చేసేది 30 దగ్గరే. అందులో సబ్‌టైప్ (ఉపరకం) 4 స్టెప్, అంటే జాబులో ఒక దశ, ముగిసినప్పుడు వస్తుంది, 5 జాబు మొత్తం ముగిసినప్పుడు వస్తుంది. 2, 3 మధ్యమధ్య ఇంటర్వెల్ లెక్కలు. అన్నీ ఒకే టేబుల్‌లో పోసి కూడితే ఒకే సీపీయూ సమయాన్ని రెండు మూడుసార్లు లెక్కపెట్టినట్టే. ఆ నివేదిక చూసి క్లయింటు కొత్త సామర్థ్యం కొంటే, మీ ఒక్క ఎస్‌క్యూఎల్ లైనుకు వాళ్లు మూల్యం చెల్లిస్తారు. సబ్‌టైప్‌కు ఒక టేబుల్ పెట్టండి. వారాల తరబడి నడిచే సీఐసీఎస్ (లావాదేవీల సాఫ్ట్‌వేర్), డీబీ2 (డేటాబేస్) లాంటి వాటికి 5 ఇప్పట్లో రాదు కాబట్టి వాటికి 2, 3 చూడాలి.

తేదీ ప్యాక్డ్ డెసిమల్‌లో ఉంటుంది: 0124015ఎఫ్ అంటే 2024లో 15వ రోజు, జనవరి 15. సమయం అర్ధరాత్రి నుంచి సెకనులో నూరో వంతుల్లో, అదీ సాధారణంగా అక్కడి స్థానిక కాలమానంలో ఉంటుంది. నవంబరులో అమెరికా గడియారాలు వెనక్కి తిప్పినప్పుడు ఒక గంట రెండుసార్లు వస్తుంది. ఎక్కించేటప్పుడే యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) లోకి మార్చి, మూల సమయాన్ని పక్క కాలమ్‌లో ఉంచండి. ఒకే డంప్ (తెచ్చిన ఫైలు) రెండుసార్లు ఎక్కకుండా సిస్టమ్ పేరు, జాబు పేరు, జాబు లోపలికి వచ్చిన సమయం కలిపి యూనిక్ కీ పెట్టండి; స్టెప్ టేబుల్‌కు స్టెప్ నంబరు, ఇంటర్వెల్ టేబుల్‌కు ఇంటర్వెల్ సమయం కూడా చేర్చాలి. మూల ఫైళ్లను మాత్రం చెరపొద్దు. పార్సర్‌లో (రికార్డులను విడదీసి చదివే ప్రోగ్రాములో) తప్పు దొరికిన రోజు మళ్లీ ఎక్కించడానికి అవే దిక్కు.

ప్రశ్న: ఈ పని ఎక్సెల్‌లో చేయకూడదా?
– సీతమ్మధార పాఠకురాలు

జవాబు: ఒక రోజు సారాంశానికి ఫర్వాలేదు. కానీ ఒక షీటులో 10,48,576 వరుసలకు మించి పట్టవు. పెద్ద మెయిన్‌ఫ్రేమ్ కేంద్రంలో ఒక నెల రికార్డులే అంతకు మించిపోవచ్చు. డేటాబేస్‌లో కూడి, ఫలితాన్ని ఎక్సెల్‌లోకి తెచ్చుకోండి.