శుభలేఖ మీద ‘బీఏ’ ఉంటే ఏమవుతుంది?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ సీఈసీ రెండో ఏడాది. బీఏ ఎల్ఎల్‌బీలో చేరతానంటోంది, అదే ఐదేళ్ల లా కోర్సులో. బీఏ అంటే లోకువని, రేపు శుభలేఖ మీద కూడా బాగుండదని, బీబీఏ ఎల్ఎల్‌బీ అయితే కార్పొరేట్ ఉద్యోగమని మా బావమరిది అంటున్నాడు. ఏది మేలు? - ఓ తండ్రి, ఒంగోలు

జవాబు: ఏటా ఇంటర్ ఫలితాల రోజుల్లో ఈ ప్రశ్న వస్తూనే ఉంటుంది. కోర్సు పేరు అడుగుతారు గానీ, అసలు బెంగ నలుగురికీ ఏమని చెప్పుకోవాలన్నది.

ఎల్ఎల్‌బీలో రెండు ‘ఎల్’లు ఎందుకో చాలామంది లాయర్లే చెప్పలేరు. లాటిన్‌లో బహువచనాన్ని పొట్టిగా రాయాలంటే అక్షరాన్ని రెండుసార్లు వేస్తారు. అంటే ‘చట్టాల’ పట్టా. పాతకాలం ప్లీడర్ల గుమ్మాల మీద ‘బి.ఎ., బి.ఎల్.’ అని చెక్క బోర్డులుండేవి, మీరూ చూసే ఉంటారు. ఆ బీఎల్లూ లా పట్టానే. ఆ బోర్డు మీది బీఏని చూసి ఎవరూ నవ్వలేదు.

ఐదేళ్ల కోర్సులో ముందుండే పేరు, లాతో పాటు ఏం చదువుతారో చెబుతుంది, అంతే. బీఏ అయితే రాజనీతి శాస్త్రం, ఎకనామిక్స్ లాంటివి. బీబీఏ అయితే మేనేజ్‌మెంట్, అకౌంట్స్. కాంట్రాక్టు చట్టం, సివిల్ ప్రొసీజర్ ఇద్దరికీ తప్పవు. లాయరుగా పేరు నమోదు చేసుకునే ఎన్‌రోల్‌మెంటూ, ప్రాక్టీసుకు రాయాల్సిన బార్ పరీక్షా ఒకటే. అన్నట్టు, మూడేళ్లకు మానేస్తే బీఏ అయినా చేతికొస్తుందనుకోకండి. మధ్యలో దిగిపోయే వీల్లేదు.

బీబీఏ మోజు మీద నాకు మొదటినుంచీ అనుమానమే. పెద్ద లా ఫర్మ్‌లు వెతుక్కుంటూ వచ్చే హైదరాబాద్ నల్సార్ లా యూనివర్సిటీలో ఐదేళ్ల కోర్సు బీఏ ఎల్ఎల్‌బీ ఆనర్సే. బెంగళూరు నేషనల్ లా స్కూల్లోనూ అంతే. ఆ ఫర్మ్‌లు చూసేది కాలేజీనీ, ఇంటర్న్‌షిప్పులనూ, పిల్ల రాసే డ్రాఫ్టునూ. బ్రోషర్ నిండా ‘కార్పొరేట్’ అని అచ్చేసి ఏడాదికి లక్షలు అడిగే చోట, పోయిన బ్యాచ్‌లో ఎవరు ఎక్కడ చేరారో చూపించమనండి. నేనోసారి అడిగితే, ‘కాఫీ తాగుతారా సార్’ అన్నాడు అక్కడి అడ్మిషన్ల ఆయన.

కోపం తెచ్చుకోకండి. మీ ఉత్తరంలో బావమరిది అభిప్రాయం ఉంది. అమ్మాయి లా ఎందుకు చదవాలనుకుంటోందో ఒక్క ముక్క లేదు. అడిగారా అసలు?

లెక్క వేసుకోవాల్సింది వేరే ఉంది. సీనియర్ లాయర్ దగ్గర జూనియర్‌గా చేరిన మొదటి రెండు మూడేళ్లు చాలామందికి వచ్చేది దారి ఖర్చులకే సరి. జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు కూడా మూడేళ్ల ప్రాక్టీసు ఉండాల్సిందేనని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. ఐదూ మూడూ ఎనిమిదేళ్లు. అంతవరకూ ఇంటి నుంచి కాస్త ఆసరా ఇవ్వగలిగితే బీఏ ఎల్ఎల్‌బీలో నిశ్చింతగా చేర్చండి.

ఈలోగా ఓ పనిరోజున అమ్మాయిని మీ ఊరి జిల్లా కోర్టుకు తీసుకెళ్లి, వెనక బెంచీలో ఓ పూట కూర్చోబెట్టండి. బావమరిదిని ఇంట్లోనే ఉంచండి.