మా సంస్థ కోసం పరిచయ వీడియో చేయాలి, షూటింగ్‌కి ముందు ఏమేం సిద్ధం చేసుకోవాలి?

కెమెరామన్ దొరికాడు, వచ్చే నెలలో షూటింగ్ పెట్టుకోవచ్చా అని అడిగారు. స్క్రిప్ట్ చేతికి రాకుండా డేట్ ఖాయం చేయకండి. సంస్థలకు ఇలాంటి వీడియోలు చాలాకాలంగా చేస్తున్నాను. "ఎడిటింగ్‌లో చూసుకుందాంలే" అని వదిలేసినవే తర్వాత పీకకు చుట్టుకుంటాయి. ఎడిటింగ్‌లో రంగు సరిదిద్దవచ్చు, వాక్యాలు ముందువెనకలు చేయవచ్చు. తీయని షాట్ మాత్రం ఎక్కడి నుంచీ రాదు.

ముందు ఈ వీడియో ఎవరి కోసమో తేల్చండి. "అందరి కోసం" అనే జవాబుతో స్క్రిప్ట్ రాయలేం. విరాళం ఇచ్చేవాళ్లకి తమ డబ్బు ఏ పనికి వెళ్తుందో కనిపించాలి. మీ సాయం కోరి వచ్చేవాళ్లకి ఎవరిని కలవాలో, ఏ కాగితాలు తేవాలో తెలియాలి. రెండూ ఒకే దాంట్లో ఇరికిస్తే ఇద్దరికీ అక్కరకు రాదు. రెండు చిన్న వీడియోలు చేసుకోండి, షూటింగ్ ఒకేసారి కానివ్వవచ్చు. చూసినవాళ్లు ఆ తర్వాత ఏం చేయాలన్నది ఒక్క వాక్యంలో రాసి స్క్రిప్ట్ పైన పెట్టుకుంటే, ఏది ఉంచాలి ఏది తీసేయాలి అన్న చర్చ దగ్గర అదే దారి చూపిస్తుంది.

అంతకంటే ముఖ్యం, చివరిగా "సరే" అనేది ఎవరు? ఒక సంస్థకి చేస్తున్నప్పుడు స్క్రిప్ట్‌ని అక్కడి మేనేజర్ ఒక్కరే చూసి ఒప్పుకున్నారు. ఎడిటింగ్ అంతా అయ్యాక కమిటీకి చూపించాం. కమిటీలో ఒక పెద్దాయన, వీడియోలో చూపించిన ఒక పథకం పేరు మారిపోయిందని చెప్పారు. పాత పేరు వాయిస్ ఓవర్‌లో, అంటే వెనక నుంచి వినిపించే వ్యాఖ్యానంలో ఉంది, తెర మీది అక్షరాల్లో ఉంది, ఇంటర్వ్యూలు ఇచ్చినవాళ్ల వెనక బ్యానర్ మీద కూడా ఉంది. వాయిస్, అక్షరాలు మార్చేశాం. ఇంటర్వ్యూలు మాత్రం అందరినీ పిలిచి మళ్లీ తీయాల్సి వచ్చింది. ఆ పెద్దాయనకి అప్పటిదాకా స్క్రిప్ట్ ఎవరూ పంపలేదు. అందుకని అభిప్రాయం చెప్పాల్సిన వాళ్లందరికీ స్క్రిప్ట్ దశలోనే చూపించండి, ఆఖరి మాట మాత్రం ఒక్కరికే అప్పగించండి. ఎన్నిసార్లు మార్పులు అడగవచ్చో కూడా వీడియో చేసేవాళ్లతో ముందే రాసుకోండి.

స్క్రిప్ట్ పేజీని రెండుగా విభజించి, ఒక పక్క వినిపించేది, ఇంకో పక్క కనిపించేది రాయండి. కనిపించే పక్క ఖాళీగా ఉన్న వాక్యానికి బొమ్మ వెతకాలి, లేదా దాన్ని కొట్టేయాలి. ఆ పక్క రాసిందే మీ షాట్ల జాబితా అయిపోతుంది. తర్వాత ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి మొత్తం పైకి చదవండి. కళ్లతో చదివినప్పుడు చిన్నగా అనిపించింది, గొంతు విప్పి చదివితే అనుకున్న టైమ్ దాటిపోతుంది.

మాట్లాడేవాళ్లకి మాత్రం రాసిచ్చి బట్టీ పట్టించకండి, మొహంలో టెన్షన్ తెలిసిపోతుంది. ప్రశ్నలే జాగ్రత్తగా తయారుచేసుకోండి. "ఎప్పుడు చేరారు?" అంటే "రెండేళ్లయింది" అని ఊరుకుంటారు. ఎడిటింగ్‌లో మీ ప్రశ్న కత్తిరించాక ఆ ముక్క ఎందుకూ పనికిరాదు. "ఇక్కడికి వచ్చిన మొదటి రోజు ఎలా గడిచిందో చెప్పండి" అంటే మనిషి కథ మొదలుపెడతాడు, అది దానంతటదే నిలబడుతుంది.

లొకేషన్‌ని షూటింగ్ జరిగే వేళకే వెళ్లి చూడండి. నేనైతే గదిలో కళ్లు మూసుకుని కాసేపు నిలబడతాను. అప్పటిదాకా పట్టించుకోని ఫ్యాను, ఏసీ, లిఫ్టు, పక్క గదిలో మాటలు అన్నీ వినిపిస్తాయి. గోడ మీది బోర్డులు, కంప్యూటర్ తెరలు కూడా చూడండి. మీరు సాయం చేసేవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు ఫ్రేములోకి రాకూడదు.

అనుమతుల దగ్గర తొందరపడకండి. మీ సాయం అందుకున్న మనిషి "వద్దు" అనడానికి మొహమాటపడతాడు. ఎక్కడెక్కడ చూపిస్తారో, ఎంతకాలం ఉంటుందో విడమరచి చెప్పి, ఆలోచించుకోవడానికి టైమ్ ఇచ్చి, అప్పుడు రాతపూర్వకంగా తీసుకోండి. పిల్లలైతే తల్లిదండ్రుల సంతకం ఉండాలి. ఒప్పుకోకపోయినా సాయం ఆగదని గట్టిగా చెప్పండి. మొహం చూపించకుండా చేతులు, గొంతు మాత్రమే వాడి కూడా బలమైన వీడియో చేయవచ్చు.

సంగీతం లైసెన్సు ఉన్నదే వాడండి, లేకపోతే కాపీరైట్ ఉన్న పాటల్ని కనిపెట్టే యూట్యూబ్ వ్యవస్థ, కంటెంట్ ఐడీ, పట్టుకుంటుంది. రీల్స్ కూడా కావాలంటే ముందే చెప్పండి. 16:9లో (అడ్డంగా) తీసినదాన్ని రీల్స్ కోసం 9:16కి (నిలువుగా) కత్తిరిస్తే వెడల్పులో మూడో వంతు కూడా మిగలదు, పక్కపక్కన కూర్చున్న ఇద్దరిలో ఒకరు ఎగిరిపోతారు. సబ్‌టైటిల్స్ తప్పకుండా వేయించండి, వినపడనివాళ్లకీ, సౌండ్ ఆపి చూసేవాళ్లకీ అవే ఆధారం. వాటి కోసం ఫ్రేము కింద కాస్త చోటు వదలమని కెమెరామన్‌కి చెప్పండి.

రా ఫుటేజ్, అంటే ఎడిట్ చేయని అసలు వీడియో, ఎవరి దగ్గర ఉంటుందో కూడా ఒప్పందంలో రాయించండి. షూటింగ్ అయిన రోజే అది రెండు వేర్వేరు డ్రైవుల్లోకి కాపీ అయ్యి, రెండూ తెరుచుకుంటున్నాయని చూసుకున్నాకే మెమరీ కార్డు ఫార్మాట్ చేయనివ్వండి.