అన్ని సిస్టమ్‌లకీ ఒకే లాగిన్: భీమవరం ఆఫీసులో నేను పడ్డ తిప్పలు

మీ ఆఫీసులో విండోస్ సిస్టమ్‌లు 14, ఉబుంటు లైనక్స్‌వి 3, డిజైనింగ్‌కి ఒక మ్యాక్, ఫైళ్లన్నీ శాంబా (లైనక్స్ మిషన్‌లోని ఫైళ్లని విండోస్‌కి పంచే సాఫ్ట్‌వేర్) సర్వర్‌లో. ఒక్కో మనిషికి రెండు మూడు పాస్‌వర్డ్‌లు ఉన్నాయి, వీటన్నిటినీ ఒకచోటికి తేవడం ఎలా అని అడిగారు.

భీమవరం దగ్గర రొయ్యలు కొని ఎగుమతి చేసే ఒక ఆఫీసులో నేను ఈ పని చేశానండి. అక్కడ ఒక సూపర్‌వైజర్ మానేశాడు. విండోస్‌లో అతని అకౌంట్ తీసేశాం గానీ సర్వర్‌లో శాంబా పాస్‌వర్డ్ సంగతి మర్చిపోయాం. అతని స్థానంలో వచ్చిన కుర్రాడు ఆ పాస్‌వర్డే వాడేసుకున్నాడు. కౌంట్‌వారీ (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) రేట్ల షీటుని ఊళ్లోనే లేని మనిషి రోజూ మారుస్తున్నట్టు లాగ్‌లో కనిపించేది.

లైనక్స్ పాస్‌వర్డ్, శాంబా పాస్‌వర్డ్ వేర్వేరు హాష్‌లుగా (వెనక్కి తిప్పలేని గుర్తులుగా) దాస్తారు. ఒకదాన్నుంచి ఇంకోటి తీయలేం. అందుకే రెంటినీ స్క్రిప్టుతో కలిపి ఉంచాలని చూడకండి, ఆర్నెల్లు చూసి విసిగిపోయాను. 2012 డిసెంబరులో వచ్చిన శాంబా 4.0 నుంచి అదే యాక్టివ్ డైరెక్టరీ డొమైన్ కంట్రోలర్‌గా, అంటే ఆఫీసులో అందరి అకౌంట్లనీ ఒకచోట ఉంచి లాగిన్‌లు చూసే సర్వర్‌గా పనిచేస్తుంది, లైసెన్సు ఖర్చు లేదు. ఎల్‌డాప్ (అకౌంట్ల జాబితా), కెర్బెరాస్ (లాగిన్ అయినవాళ్లకి టికెట్ ఇచ్చే పద్ధతి), డీఎన్ఎస్ (పేరుని బట్టి మిషన్ అడ్రసు చెప్పేది) అన్నీ అందులోనే ఉంటాయి. ఉబుంటుని శాంబాతోనే వచ్చే విన్‌బైండ్ ప్రోగ్రామ్‌తో డొమైన్‌లో చేర్చవచ్చు, మ్యాక్ కూడా చేరుతుంది. విండోస్ మాత్రం ప్రో ఎడిషన్ ఉండాలి, హోమ్ ఎడిషన్ డొమైన్‌లో చేరదు. మాకు అసలు ఖర్చంతా అక్కడే అయింది.

డొమైన్ కంట్రోలర్‌ని, ఫైల్ సర్వర్‌ని ఒకే మిషన్ మీద పెట్టకండి. ఫైల్ సర్వర్‌ని మామూలు మెంబర్‌గా చేర్చండి. డొమైన్ పేరు చివర 'డాట్ లోకల్' అసలు వద్దు. మ్యాక్ ఆ పేర్లని తన పద్ధతిలో వెతుక్కుంటుంది, దాంతో కంట్రోలర్ సరిగా దొరకదు. నేను అదే పెట్టి, మొత్తం తీసేసి మళ్లీ మొదటినుంచి కట్టాను.

అన్నిటికంటే ఏడిపించింది గడియారం. కెర్బెరాస్‌లో మామూలుగా 5 నిమిషాలకి మించి టైము తేడా ఉంటే టికెట్ ఇవ్వదు. మా కాటా (తూకం వేసే) గదిలో పాత ఉబుంటు సిస్టమ్ ఒకటుంది. దాని మదర్‌బోర్డు సెల్ చచ్చిపోయింది, ఆ గదికి ఇంటర్నెట్ ఇవ్వలేదు. కరెంటు పోయినంతసేపూ దాని గడియారం ఆగిపోయేది. బయట రొయ్యల లారీ నిలబడి ఉంది, లోపల లాగిన్ అవ్వదు, గుమాస్తా నా వైపు చూస్తాడు. రెండ్రోజులు పాస్‌వర్డ్ తప్పనే అనుకుని మారుస్తూ కూర్చున్నాను. సెల్ మార్చి, అన్ని సిస్టమ్‌లూ డొమైన్ కంట్రోలర్ నుంచే టైము తీసుకునేలా పెట్టాక ఆ టెన్షన్ పోయింది. డీఎన్ఎస్ కూడా అంతే, అన్ని సిస్టమ్‌లకీ కంట్రోలర్ అడ్రసే ఇవ్వాలి. రౌటర్‌ది ఉంచేస్తే ఒకసారి కలుస్తుంది, ఒకసారి కలవదు.

ఉబుంటు సిస్టమ్‌లన్నిటిలో ఐడీ మ్యాపింగ్ (డొమైన్ అకౌంట్‌కి లైనక్స్ నంబరు ఇచ్చే) సెట్టింగులు, రేంజి ఒకేలా రాయండి. లేకపోతే ఒకే మనిషికి ఒక్కో మిషన్‌లో ఒక్కో నంబరు వస్తుంది. పాత ఫైళ్ల ఓనర్లని కొత్త అకౌంట్లకి మార్చడం మర్చిపోకండి, నాకు ఒక ఆదివారం దానికే పోయింది.

ఇంకోటి, శాంబాలో పాస్‌వర్డ్ గడువు మామూలుగా 42 రోజులు. మేం చూసుకోలేదు. ఒకే రోజు పెట్టిన అకౌంట్లు కదా, ఒకే పొద్దున అందరూ నా బల్ల దగ్గరకొచ్చారు.

రెండో డొమైన్ కంట్రోలర్ తప్పకుండా పెట్టండి, పాత డెస్క్‌టాప్ అయినా చాలు. ఒక్కటే ఉండి అది ఆగితే విండోస్ దాచుకున్న లాగిన్‌తో తెరుచుకుంటుంది గానీ షేర్ ఫోల్డర్లు తెరుచుకోవు. మాకది మంచి పట్టుబడుల రోజుల్లో జరిగింది, పవర్ సప్లై కాలిపోయి.

మీ 14 విండోస్‌లలో హోమ్ ఎడిషన్లు ఎన్నో ముందు చూసి చెప్పండి. వాటిని బట్టి మిగతాది మాట్లాడుకుందాం.