మొదటిసారి క్రూయిజ్: అమ్మానాన్నలకు ఏ క్యాబిన్ తీసుకోవాలి?

వరంగల్ నుంచి చెన్నై వెళ్లి అమ్మానాన్నలతో ఓడ ఎక్కాలనుకుంటున్నామని, ఏ క్యాబిన్ మంచిదని అడిగారు. పెద్దవాళ్లు కాబట్టి నేనైతే ఓడ పొడవుకు నడుమ, కింది అంతస్తుల్లో ఉన్నదే తీసుకోమంటాను. అలలకు ముందు, వెనక భాగాలు, పై అంతస్తులు ఎక్కువగా ఊగుతాయి. నడుమ ఊపు తక్కువ, కడుపులో తిప్పడమూ తక్కువే. బుక్ చేసేముందు డెక్ ప్లాన్ (ఓడలో ఏ అంతస్తులో ఏముందో చూపే పటం) తప్పకుండా చూడండి: నెత్తిమీద స్విమ్మింగ్ పూలో, డాన్స్ హాలో ఉంటే రాత్రి నిద్ర పట్టదు. పైనా కిందా క్యాబిన్లే ఉన్న అంతస్తు మేలు.

కిటికీ లేని ఇంటీరియర్ క్యాబిన్ సాధారణంగా అన్నిటికన్నా చవక. పగలంతా బయటే తిరిగే కుర్రాళ్లకు అది చాలు. అమ్మానాన్నలకు మాత్రం కిటికీ ఉన్నదే ఇప్పించండి, పొద్దు పొడిచిందీ లేనిదీ తెలియని గదిలో వాళ్లకు ఊపిరాడనట్టు ఉంటుంది. ఆ కిటికీకి అడ్డంగా లైఫ్‌బోటు ఉందేమో అడగండి. 'గ్యారంటీ' పేరుతో తక్కువకు ఇచ్చే క్యాబిన్లు వద్దు, వాటిలో గదిని కంపెనీయే ఎంచి ఇస్తుంది.

పోర్టు చార్జీలు, జీఎస్టీ కలిపి మొత్తం ఎంతో ముందే తేల్చుకోండి. ఓడ శ్రీలంక వెళ్లేదైతే పాస్‌పోర్టులు కావాలి. వరంగల్ నుంచి చెన్నైకి నేరుగా రైళ్లున్నాయి, అయినా ఒకరోజు ముందే చేరుకోండి.